ముందు ఆ లాప్‌టాప్ ఆపేయి

ప్రియమైన నేస్తమా,

నిన్న రాత్రి ఫోనులో ఒక్క ముక్కే చెప్పగలిగాను: లాప్‌టాప్ ఆపేయి, మళ్లీ ఆన్ చేయకు అని. ఎందుకని నువ్వు మూడుసార్లు అడిగావు. అర్ధరాత్రి వేళ అదంతా విడమరిచి చెప్పే ఓపిక నాకూ లేదు, వినే స్థితిలో నువ్వూ లేవు. అందుకే తెల్లవారగానే కూర్చుని రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, చివరిదాకా చదువు. మీ నాన్నగారి చేతిరాత కాగితాలు స్కాన్ చేసి పెట్టుకున్నది ఆ డిస్కులోనే అన్నావు చూడు, ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

నువ్వు చెప్పినవన్నీ నెలన్నర క్రితం నా లాప్‌టాప్‌లో నేను చూసినవే. ఒక ఫోల్డరు తెరిస్తే ఐదు నిమిషాలు. ఒక ఫొటో వచ్చి, పక్క ఫొటో దగ్గర అంతా బిగుసుకుపోవడం. నేనూ మొదట వైరస్ అనుకుని రెండు రోజులు పోగొట్టుకున్నాను. అసలు సంగతి వేరు. హార్డ్ డిస్కు లోపల సమాచారం రాసి ఉండే పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, దాన్ని చదివే హెడ్ కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. అంత సన్నని సందులో జరిగే పని అది. ఎక్కడైనా ఒక సెక్టారు, అంటే పళ్లెం మీద సమాచారం రాసే ఒక చిన్న గడి, సరిగా చదవబడకపోతే డిస్కు ఊరుకోదు, అక్కడే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒక్క సెక్టారు కోసం ఎన్నో సెకన్లు. నీకు కనిపించే ఆ బిగుసుకుపోవడం అదే. అలా పెనుగులాడే కొద్దీ హెడ్ ఇంకా దెబ్బతినవచ్చు.

ఇక నువ్వు విండోస్‌లోని చెక్‌డిస్క్ నడిపిద్దామనుకున్నావు. వద్దురా, దయచేసి వద్దు. అది ఫైల్ సిస్టమ్ లెక్కలు, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికలు, సరిచేసే పనిముట్టు, నీ ఫైళ్లను కాపాడేది కాదు. లెక్క కుదరకపోతే డిస్కు మీద కొత్తగా రాసేస్తుంది. ఫైళ్ల పేర్లు తెగిపోయి ముక్కలు ముక్కలుగా వేరే ఫోల్డరులో పడతాయి. పైగా చదవలేకపోయిన సెక్టారును డిస్కు ‘పెండింగ్’ అని గుర్తు పెట్టుకుంటుంది. దాని మీద కొత్తగా ఏదైనా రాసినప్పుడు, అవసరమైతే బదులుగా ఉంచిన మంచి సెక్టారుకు మార్చేసుకుంటుంది. డిస్కు బాగుపడినట్లు కనిపిస్తుంది కానీ అక్కడున్న పాత అక్షరాలు ఇక తిరిగి రావు. విండోస్ మామూలుగా ఆన్ అయినా తన లాగ్‌లూ తాత్కాలిక ఫైళ్లూ అదే డిస్కు మీద రాస్తూనే ఉంటుంది. అందుకే ఆపేయమన్నది.

ఒక్క విషయం బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. లోపలి నుంచి టక్, టక్, టక్ అని ఒకే లయలో చప్పుడు వచ్చిందా? లాప్‌టాప్ ఎప్పుడైనా కింద పడిందా? వీటిలో ఏది నిజమైనా ఇంట్లో మనం చేయగలిగింది ఏమీ లేదు. పళ్లెం మీద తన దారి తెలిపే గుర్తులు దొరక్క హెడ్ వెనక్కీ ముందుకీ కొట్టుకుంటున్నప్పుడు వచ్చే చప్పుడు అది. ఇంకోసారి కరెంటు ఇస్తే పళ్లెం గీసుకుపోవచ్చు. దాన్ని నేరుగా దుమ్ము లేని గదిలో విప్పే నిపుణుల చేతికే ఇవ్వాలి. డిస్కును ఫ్రీజర్‌లో పెట్టమని ఎవరైనా చెబితే వినకు, బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. అలాంటిదే ఇంకొక డిస్కు తెచ్చి కింది సర్క్యూట్ బోర్డు మార్చమంటే కూడా వినకు. ఆ డిస్కు హెడ్‌లకు తగ్గట్టు చేసిన సర్దుబాట్లు ఆ బోర్డు మీదే ఉంటాయి, బోర్డు ఒక్కటి మారిస్తే చాలదు. డిస్కు మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకు.

చప్పుడు లేదు, నెమ్మదే అంటే మాత్రం ఆశ ఉంది. నాది అదే పరిస్థితి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదికలో 5, 197, 198 అంకెలున్న వరుసలు చూడాలి. మొదటిది ఇప్పటికే మార్చేసిన సెక్టార్లు, రెండోది పెండింగ్, మూడోది ఇక చదవలేమని తేలినవి. నాకు 197 దగ్గర సాయంత్రం 312 ఉన్నది పొద్దుటికి 540 అయింది. అది చూశాక నేను ఇంకేమీ ఆలోచించలేదు, డిస్కును లాప్‌టాప్ నుంచి బయటికి తీశాను.

అప్పటి నుంచి నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. ఆ డిస్కు నుంచి ఫైళ్లు ఏరుకోకూడదు, దాన్ని బాగుచేయకూడదు. మొత్తానికి మొత్తం, మొదటి సెక్టారు నుంచి చివరిదాకా ఒక నకలు తీసుకోవాలి. ఆ తర్వాత వెతుకులాటంతా నకలు మీదే. డిస్కులో మిగిలిన ప్రాణమంతా ఆ ఒక్క నకలుకే ఖర్చు కావాలి.

దానికి నేను వాడింది డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ఆయన రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రాము. మరో కంప్యూటర్‌ను విండోస్‌కు బదులు పెన్‌డ్రైవ్ మీది లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిపి, డిస్కును కంప్యూటర్ లోపల డిస్కులు తగిలించే సాటా పోర్టుకు నేరుగా తగిలించాను. యూఎస్‌బీ అడాప్టర్‌తోనూ చేయవచ్చు, కానీ చెడ్డ సెక్టారు తగిలినప్పుడు చాలా అడాప్టర్లు చేతులెత్తేస్తాయి. పక్కన చిన్న ఫ్యాను పెట్టాను, డిస్కు వేడెక్కకుండా. నకలు పెట్టుకోవడానికి అంతకంటే ఎక్కువ ఖాళీ ఉన్న మరో డిస్కు కావాలి.

ఒక్క చోట మాత్రం నీ చేతులు నెమ్మదిగా కదలాలి. ఆ కమాండులో మొదట వచ్చేది చదవాల్సిన డిస్కు, తర్వాతది రాయాల్సిన చోటు. అవి తారుమారైతే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. నేను డిస్కు మీది చీటీలో ఉన్న సీరియల్ నంబరును తెర మీది నంబరుతో ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ పోల్చి చూసుకున్నాకే ఎంటర్ నొక్కాను. నువ్వూ అలాగే చేయి. గమ్యంగా డిస్కు పేరు కాకుండా ఒక ఫైలు పేరు ఇస్తే భయం ఇంకా తగ్గుతుంది.

ఈ ప్రోగ్రాము గొప్పతనం దాని ఓర్పులో ఉంది. చెడ్డ చోటు తగిలితే అక్కడ కూర్చోదు, దాటుకుని ముందుకు పోతుంది. తేలిగ్గా వచ్చేదంతా ముందు భద్రం చేసి, తర్వాత వెనక్కి వచ్చి వదిలేసిన చోట్ల అంచులు చదువుతుంది. ఆఖరున ఒక్కొక్క సెక్టారును విడిగా గోకి చూస్తుంది. ఏది అయింది, ఏది కాలేదు అన్న పద్దంతా ఒక చిన్న ఫైలులో రాసుకుంటుంది, కరెంటు పోయినా ఆపిన చోటి నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ పద్దు ఫైలు తెరిచి చూస్తే అంకెల పక్కన చిన్న గుర్తులుంటాయి. అయినదానికి కూడిక గుర్తు, ఇంకా తాకనిదానికి ప్రశ్నార్థకం, రానిదానికి తీసివేత గుర్తు. మూడు రోజులు నేను ఆ గుర్తులే చూస్తూ గడిపాను. నాది 500 జీబీ డిస్కు. ఆరోగ్యంగా ఉంటే రెండు గంటల లోపు అయ్యే పని, మొదటి దఫాకే పదకొండు గంటలు పట్టింది. మిగిలిన ముక్కల కోసం ఇంకో రెండు రోజులు. చివరికి రానిది మూడు ఎంబీ కూడా లేదు. ఆ అంకె తెర మీద చూసి ఎంతసేపు అలా కూర్చుండిపోయానో నాకు తెలియదు.

నీ లాప్‌టాప్‌లో బిట్‌లాకర్, అంటే డిస్కు మొత్తానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు, ఉందేమో ఇప్పుడే గుర్తు చేసుకో. ఉంటే నకలు కూడా తాళం వేసే ఉంటుంది, 48 అంకెల రికవరీ కీ వెతికి పెట్టుకో.

నకలు అయ్యాక దాన్ని చదవడానికి మాత్రమే వీలుండేలా తెరిచాను. ఫోల్డర్లు దాదాపు అన్నీ వచ్చాయి. ఒక్కటి తప్ప. ఏదో ఊహించగలవు, అమ్మమ్మ కథల ఫోల్డరు. ఆ ఫోల్డరు వివరాలు రాసి ఉన్న చోటే పాడైంది. మనం సెలవుల్లో రికార్డు చేసిన పద్నాలుగు కథలూ అందులోనివే.

అప్పుడు ఆదుకున్నది ఫొటోరెక్. క్రిస్టోఫ్ గ్రెనియే రాసినది, అదీ ఉచితమే. పేరులో ఫొటో ఉన్నా పాటలూ కాగితాలూ కూడా వెతుకుతుంది. ఫోల్డర్ల పట్టికను అసలు నమ్మదు. ప్రతి రకం ఫైలుకూ మొదట్లో ఒక ముద్ర ఉంటుంది కదా, జేపెగ్ ఫొటో అయితే ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్ అనే బైట్లు. అలాంటి ముద్రల కోసం నకలంతా గాలిస్తుంది. పేర్లు మాత్రం రావు, నంబర్లే వస్తాయి. నాలుగు వందల పైచిలుకు ఆడియో ఫైళ్లు వచ్చాయి. ఒక్కొక్కటీ తెరిచి వినడం మొదలుపెట్టాను. రెండో రోజు మధ్యాహ్నం, ఒక ఫైలులో ముందు గాజుల చప్పుడు, తర్వాత చిన్న దగ్గు, ఆ తర్వాత “ఇది తిరుగుతోందా, ఆగిపోయిందా?” అన్న అమ్మమ్మ గొంతు. నేను ఏడ్చానని నీకు చెప్పడానికి మొహమాటం ఎందుకు.

పద్నాలుగూ దొరికాయి. ఏ ఫైలుకు దెబ్బ తగిలిందో తెలుసుకునే ఉపాయం కూడా డీడీరెస్క్యూలోనే ఉంది. నకలుకు ఇంకో నకలు తీసి, అందులో చదవలేకపోయిన చోట్లన్నీ మనకు తెలిసిన ఒక మాటతో నింపి, ఆ మాట ఏ ఫైళ్లలో కనిపిస్తుందో వెతకాలి. అలా చూస్తే అమ్మమ్మ ఫైళ్లలో పదమూడు చెక్కుచెదరలేదు. ఒక్కదానిలో వరుసగా ఎనిమిది సెక్టార్లు పోయాయి. 32,768 బైట్లు, వినడానికి నాలుగు సెకన్లు.

నువ్వు డిస్కు తీసి పెట్టు, శనివారం నా సామగ్రి అంతా తీసుకుని వస్తాను. ఇద్దరం కలిసే చేద్దాం, ఒంటరిగా మొదలుపెట్టకు. ఆ రికార్డింగు కూడా తెస్తాను. ఎందుకంటే అది బావిలో చందమామ పడిన కథ. అందులో “తర్వాత ఏమైంది అమ్మమ్మా?” అని అడిగింది నువ్వే, పదేళ్ల నీ గొంతు స్పష్టంగా ఉంది. ఆ వెంటనే నాలుగు సెకన్లు నిశ్శబ్దం. ఆ తర్వాత మనమందరం విరగబడి నవ్వుతున్నాం. ఆవిడ ఏమన్నదో నాకెంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. నీకు గుర్తుందా?

నీ
నేస్తం