మా నాన్నగారి చివరి రోజుల్లో అండగా నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

మా నాన్నగారు ఈ జులైలో, గోదావరి వరద నది మధ్య దీవిలాంటి మా లంకను చుట్టుముట్టి ఉన్న రోజుల్లోనే కన్నుమూశారు. ఆయన జబ్బు ముదిరిన నాటి నుంచి పెద్దకర్మ ముగిసేవరకు మాకు అండగా నిలిచినవారు ఎందరో ఉన్నారు. కొందరికి ఎదురుపడి దణ్ణం పెట్టుకోగలిగాము. మరికొందరు చీకట్లో వచ్చి, చేయవలసిన సాయం చేసి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయారు. మా అమ్మగారి తరఫున, తమ్ముడి తరఫున, మనవల తరఫున ఇంటి పెద్దకూతురిగా నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయనను ఎరుగని వారి కోసం ముందుగా కొంత చెప్పాలి. నాన్నగారు నీటిపారుదల శాఖలో లస్కరుగా, అంటే కాలువల షట్టర్లు ఎత్తి దించే పనివాడిగా చేరి, ఉద్యోగ జీవితమంతా గోదావరి మధ్య డెల్టా కాలువల మీదే గడిపి, కాలువ నీటిని ఆపి వదిలే లాకుల దగ్గరే పదవీ విరమణ చేశారు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట గురించి, దాని స్థానంలో వచ్చిన నేటి బ్యారేజీకి ఉన్న 175 గేట్ల గురించి, దాని కింద సాగయ్యే సుమారు 10 లక్షల ఎకరాల గురించి మన జిల్లాల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. కాని అక్కడ వదిలిన నీరు బొబ్బర్లంక దగ్గర కాలువలో పడి, ఒక్కొక్క లాకూ దాటి, పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువను దాటించే వంతెన, అక్విడెక్టు కూడా దాటి, శివారున ఉన్న చిట్టచివరి మడిని తడిపేవరకు ఎంతమంది చేతుల మీదుగా వెళుతుందో తెలిసినవారు తక్కువ. ఆ చేతుల్లో నాన్నగారివి కూడా ఉన్నాయి. షట్టరు మరలకు పూసే గ్రీజు ఆయన గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నల్లగా ఉండేది. భోజనానికి ముందు అమ్మ కిరసనాయిలులో ముంచిన కొబ్బరి పీచు అందిస్తే, ఆయన పెరట్లో కూర్చుని ఒక్కొక్క వేలూ రుద్దుకునేవారు. అయినా ఆ నలుపు పూర్తిగా పోయేది కాదు.

దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీటి ఎద్దడి వచ్చి వంతులవారీగా వదిలే రోజుల్లో ఆయనకు నిద్ర ఉండేది కాదు. ఎగువ రైతుల వంతు ముగియగానే షట్టరు దించి ఇంటికి రావడంతో ఆయన పని అయిపోయినట్టే. కాని ఆయన అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని సైకిలు మీద శివారు దాకా వెళ్ళి, అక్కడి బోదెలో నీరు పారుతున్నదో లేదో కళ్ళతో చూసి వచ్చేవారు. నీరు చేరకపోతే తెల్లవారేలోగా కాలువ వెంట నడిచి, ఎక్కడ అడ్డుకట్ట వేశారో వెతికి తీయించేవారు. దీనివల్ల ఎగువన ఉన్న మోతుబరులతో మాటపట్టింపులు వచ్చేవి. ఆయన ఎవరినీ పరుషంగా మాట్లాడలేదు, ఎవరికీ తలొగ్గలేదు. కోతలయ్యాక శివారు రైతులు బస్తా ధాన్యమో, కొబ్బరికాయలో తెచ్చి అరుగు మీద పెడితే, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, వారు లేచేటప్పుడు ఆ మూట మళ్ళీ వారి భుజానికే ఎత్తేవారు. చిన్నతనంలో ఆ కొబ్బరికాయలు వెనక్కి వెళ్ళిపోతుంటే మాకు కష్టంగా ఉండేది. ఆ రైతులు ఆయన గురించి ఏమనుకునేవారో ఈ జులైలో కళ్ళారా చూశాము.

1986 ఆగస్టు వరదను మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదకు ఏటిగట్లు చాలాచోట్ల తెగాయి. నాన్నగారు గట్టు మీద ఇసుక బస్తాలు మోయిస్తూ ఉండిపోగా, అమ్మ మమ్మల్ని తీసుకుని బడి మేడ మీద తలదాచుకుంది. ఆయన క్షేమంగా ఉన్నట్టు కబురు కూడా లేదు. నీరు తీశాక బురద కొట్టుకుపోయిన బట్టలతో ఆయన వచ్చి గుమ్మంలో నిలబడితే, అమ్మ పలకరించకుండా లోపలికి వెళ్ళి అన్నం వండటం మొదలుపెట్టిందట. ఆ సంగతి నాన్నగారే మనవలకు పదే పదే చెప్పేవారు, చెప్పిన ప్రతిసారీ అమ్మ వైపు చూసేవారు. ఆమె ఒంటి చేత్తో సంసారం ఈదబట్టే తాను గట్టు మీద నిలబడగలిగానని ఆయన నలుగురిలోనూ అనేవారు. 1996 నవంబరు తుపాను తరువాత కూలిన కొబ్బరిచెట్లను కాలువల్లోంచి తీయించిన రోజుల్లోనూ ఆయన ఇంటిపట్టున లేరు. అప్పుడు కూడా ఇంటిభారం అమ్మదే.

పదవీ విరమణ తరువాత కూడా ఆయన మనసు కాలువ మీదే ఉండేది. మురుగు కాలువలు పూడిపోయి, గుర్రపుడెక్క పేరుకుపోయి పొలాలు మునుగుతుంటే చూస్తూ ఊరుకోలేక అర్జీలు రాసేవారు. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే తొలి పంట, వేయబోమని పంట విరామం ప్రకటించినప్పుడు ఆయన బాధపడినట్టు, సొంత పొలం పోయినవారు కూడా బాధపడి ఉండరు. నీరు ఉండి కూడా నేల బీడు పెట్టవలసి రావడం కన్నా ఘోరం మరొకటి లేదని ఆయన అభిప్రాయం. అది నా అభిప్రాయం కూడా.

మనవలకు అంకెలు నేర్పింది ఆయనే. లాకు గోడ మీద చెక్కిన నీటిమట్టం కొలబద్ద దగ్గరికి తీసుకెళ్ళి, నీరు ఏ గీత దగ్గర ఉందో చదివించేవారు. వరద రోజుల్లో భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది అని మా అమ్మాయి ఎక్కాలకన్నా ముందే నేర్చుకుంది. టీవీలో మట్టం వినగానే ధవళేశ్వరానికి ఆ నీరు ఎప్పుడు చేరుతుందో, మా లంకలోకి ఎప్పుడు వస్తుందో ఆయన లెక్క కట్టి చెప్పేవారు. ఊళ్ళోవారు పశువులను గట్టెక్కించేది ఆ లెక్క చూసుకునే.

కొంతకాలంగా నాన్నగారికి కిడ్నీలు పాడై, అమలాపురంలో డయాలసిస్ చేయించవలసి వస్తోంది. ఈ జులైలో కాజ్‌వే మునిగి రాకపోకలు నిలిచిపోయినప్పుడు మాకు దిక్కుతోచలేదు. అప్పుడు మా ఊరి పడవవారు, మేము అడగక ముందే, ఇంజను పడవలో నవ్వారు మంచం వేసి, పైన టార్పాలిన్ కట్టి, ఆయనను అవతలి గట్టుకు దాటించారు. మా ఏఎన్ఎం గారు మోకాలి లోతు నీటిలో నడిచి వచ్చి బీపీ చూసి పడవ ఎక్కించారు. గట్టు మీద 108 సిబ్బంది వానలో తడుస్తూ ఎదురుచూశారు. ఉరవడి తగ్గని నీటిలో పడవ నడపడమంటే ప్రాణాలకు తెగించడమే. డీజిలు ఖర్చు ఇవ్వబోతే పడవ నడిపిన అన్నయ్య, "శివారులో మా నాన్న రెండు ఎకరాలు ఎండకుండా చూసింది ఈయనేనమ్మా" అని చేయి వెనక్కి తీసుకున్నారు.

వరద ఇంకా తీయకముందే ఒక తెల్లవారుజామున నాన్నగారికి గుండెపోటు వచ్చింది. అమ్మ చేయి పట్టుకునే ఆయన వెళ్ళిపోయారు. తమ్ముడు అప్పటికి కువైట్‌లో ఉన్నాడు. అక్కడ అతనితో పనిచేసే ఉభయగోదావరి జిల్లాలవారు తలా కొంత వేసుకుని, ఆ రోజే విమానం టికెట్టు కొని పంపించారు. అతను వచ్చేవరకు నాన్నగారిని ఉంచడానికి ఊళ్ళో కరెంటు లేదు. పక్క ఊరి టెంటుహౌసు యజమాని ఫ్రీజర్ బాక్సుతో పాటు జనరేటరును కూడా పడవలో పంపించారు. దాన్ని ఆగకుండా నడిపించడానికి ఊరి కుర్రవాళ్ళు వంతులు వేసుకుని రాత్రంతా మేలుకున్నారు. తమ్ముడు రావులపాలెం చేరేసరికి అక్కడ కూడా మనవాళ్ళే కారు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

మా శ్మశానం నీట మునిగి ఉంది. అవతలి గట్టు ఊరి పెద్దలు తమ ఊరి శ్మశానంలో మెరక స్థలం చూపించి, "మీ ఊరు, మా ఊరు అనే మాట ఈ వేళ వద్దు" అన్నారు. అంత వానలో ఎండు కట్టెలు ఎక్కడివి? ఒక రైతు కొత్త ఇంటి తలుపుల కోసం కోయించి, అటక మీద ఆరబెట్టుకున్న మామిడి చెక్కను ఉన్నది ఉన్నట్టు దింపించి ఇచ్చారు. ఆ చెక్క మీద వడ్రంగి గీసుకున్న కొలతల గీతలు ఇంకా ఉన్నాయి. మరో ఇంటివారు కొబ్బరి డొక్కలు బస్తాలకెత్తి పంపారు. నాన్నగారితో పనిచేసి విరమించిన లస్కర్లు, నడవడమే కష్టమైన వయసులో కూడా వచ్చి, పాడెకు భుజం పట్టారు. ఎగువ రైతులూ శివారు రైతులూ ఒకే పడవలో వచ్చారు. వంతుల రోజుల్లో ఆయనతో పేచీ పడినవారిని కూడా అందులో గుర్తుపట్టాను, వారికి మరీ మరీ నమస్కారాలు.

పెద్దకర్మ నాటికి నీరు తీసింది. ఇల్లు బురదమయంగా ఉంటే ఇరుగుపొరుగు ఆడవారు వచ్చి కడిగి, ముగ్గు పెట్టి, అమ్మను ఒక్క క్షణం ఒంటరిగా వదలలేదు. శివారు ఊళ్ళ నుంచి బియ్యం, కూరలు, అరటి ఆకులు వచ్చాయి. ఈసారి వాటిని తిరిగి భుజాలకెత్తడానికి నాన్నగారు లేరు. అమ్మ అన్నీ తీసుకోమంది. వచ్చినవారందరికీ ఆ బియ్యంతోనే భోజనాలు పెట్టాము.

ఇక ఒక విన్నపం. కువైట్ మిత్రులు టికెట్టు సొమ్ము ఎవరెవరు ఎంత వేసుకున్నారో చెప్పడం లేదు. దయచేసి తమ్ముడికి చెప్పండి, అది తీర్చుకునే అవకాశం మాకు ఇవ్వండి. తమ్ముడు వచ్చిన రాత్రి అతనిని కాజ్‌వే దగ్గర నుంచి ఇంటి మెట్ల వరకు పడవలో చేర్చిన ఇద్దరెవరో మాకు ఇప్పటికీ తెలియదు. వారు మా ఊరివారు కారు. వారిని ఎరిగినవారు మాకు కబురు చేయవలసిందిగా కోరుతున్నాము. వారి ఇంటికి స్వయంగా వెళ్ళి బట్టలు పెట్టి రావాలని అమ్మ పట్టుదలగా ఉన్నారు.

ఇట్లు,
మా అమ్మగారు, తమ్ముడు, మనవలు, మనవరాళ్ళ తరఫున
పెద్దకూతురు