రేటింగ్ టోర్నీకి వెళ్లే ముందు

విజయనగరం

అమ్మలూ,

దసరా సెలవుల్లో శ్రీకాకుళంలో ఆడే చెస్ రేటింగ్ టోర్నీకి ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తులు, బాగానే చూసుకున్నావని మీ కోచ్ సార్ చెప్పారు. బోర్డు ముందు కూర్చున్నాక ఎలా నడుచుకోవాలో నేను రాస్తున్నాను. ఓపెన్ టోర్నీ కాబట్టి నీ ఎదుట ఎనిమిదేళ్ల గుంటడు కూర్చోవచ్చు, రిటైరైన మాస్టారూ కూర్చోవచ్చు. ఇద్దరి దగ్గరా పద్ధతి ఒక్కటే.

అన్నిటికన్నా ఎక్కువ గొడవలొచ్చేది టచ్ మూవ్ దగ్గర. నీ వంతులో నీ పావుని కావాలని ముట్టుకుంటే, కదిలే దారి ఉన్నంతవరకు దాన్నే కదపాలి. ఎదుటివాళ్ల పావుని ముట్టుకుంటే, కొట్టే వీలుంటే కొట్టాలి. మోచెయ్యి తగిలి పడిపోతే అది లెక్కలోకి రాదు, కానీ నీ క్లాక్ (నీ టైమ్ లెక్కపెట్టే గడియారం) నడుస్తుండగానే దాన్ని నిలబెట్టాలి. గడిలో పక్కకి జరిగిన గుర్రాన్ని సర్దాలంటే ముందు "అడ్జస్ట్" అని వినబడేలా చెప్పు, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. అదీ నీ వంతులోనే.

ముట్టుకున్నాక చెప్తే చెల్లదు. 2016లో మాస్కోలో జరిగిన క్యాండిడేట్స్‌లో (ప్రపంచ చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే టోర్నీ) గ్రాండ్‌మాస్టర్ నకమురా తన రాజు మీద చెయ్యి వేసి, సర్దుతున్నానన్నాడు. ఎదుట ఆడుతున్న అరోనియన్ ఒప్పుకోలేదు. రాజునే కదపాల్సి వచ్చి నకమురా ఆ ఆట ఓడిపోయాడు. అంతకుముందు 1994లో స్పెయిన్‌లోని లినారెస్ టోర్నీలో అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ గుర్రాన్ని ఒక గడిలో వదిలి, రెప్పపాటులో మళ్లీ పట్టుకుని వేరే గడిలో పెట్టాడు. ఎదుట ఉన్న జుడిత్ పోల్గార్‌కి అప్పుడు పదిహేడేళ్లు. ఆమె అభ్యంతరం చెప్పలేదు, ఆట కాస్పరోవ్ గెలిచాడు. చెయ్యి వదిలిన సంగతి తర్వాత వీడియోలో కనిపించినా ఫలితం మారలేదు. ఈ రెండిటిలో అరోనియన్ చేసిందే సబబని నా అభిప్రాయం. రూల్ నీకిచ్చింది అడగడం పెంకితనం కాదు. "పెద్దాయన కదా, ఎలా అడుగుతాం" అని ఊరుకోకు. చిన్నపిల్లాడు కదా అని ఎత్తు వెనక్కి ఇవ్వకు, వాడూ ఎంట్రీ ఫీజు కట్టి సరిగ్గా ఆడటానికే వచ్చాడు.

అడిగే తీరు మాత్రం నెమ్మదిగా ఉండాలి. క్లాక్ ఆపి చెయ్యెత్తు. ఆర్బిటర్ (టోర్నీలో తీర్పు చెప్పే అధికారి) వచ్చాక జరిగింది రెండు ముక్కల్లో ఆయనకే చెప్పు, ఎదుటివాళ్లతో వాదన పెట్టుకోకు. ఈలోగా నువ్వు కావాలని పావు ముట్టుకున్నావంటే ఆ ఎత్తుకి టచ్ మూవ్ అడిగే హక్కు పోతుంది. చూసినవాళ్లెవరూ లేక, అవతలివాళ్లు కాదంటే, ఆర్బిటర్ ఆట సాగించమనవచ్చు. అప్పుడు మారు మాట్లాడకుండా ఆడు. ముట్టుకున్నది నువ్వైతే వాళ్లు నోరు తెరిచేదాకా ఆగొద్దు. మంత్రి పోతుందని తెలిసినా కదిపెయ్.

రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో కదిపి కోట కట్టేటప్పుడు (క్యాస్లింగ్) ముందు రాజుని పట్టుకో. ఏనుగుని ముందు ముట్టుకుంటే ఆ ఎత్తులో ఆ వైపు కోట ఉండదు. ఒక్క చేత్తోనే ఆడి, అదే చేత్తో క్లాక్ నొక్కాలి. రెండు చేతులతో కోట కట్టి క్లాక్ నొక్కితే తప్పు ఎత్తు కిందే లెక్క: మొదటిసారి అవతలివాళ్లకి 2 నిమిషాలు కలుపుతారు, రెండోసారి ఆట పోతుంది. బంటు చివరి వరసకి చేరి మంత్రిగా మారేటప్పుడు పెట్టడానికి మంత్రి దొరక్కపోతే ఏనుగుని తలకిందులు చేసి పెట్టకు, దాన్ని ఏనుగుగానే చూస్తారు. క్లాక్ ఆపి ఆర్బిటర్‌ని మంత్రి అడుగు.

డ్రా అడగాలంటే ముందు ఎత్తు వెయ్యి, "డ్రా" అని ఒక్కసారి చెప్పు, క్లాక్ నొక్కు. వాళ్లు వద్దంటే పరిస్థితి మారేదాకా మళ్లీ అడగొద్దు. ఓడిపోతూ రెండెత్తులకోసారి డ్రా అడగడం ఎదుటివాళ్ల ఆలోచన చెడగొట్టడానికే, దాన్ని ఎవరూ మెచ్చరు. కొట్టిన పావుని చేతిలో తిప్పడం, బల్ల మీద పెన్ను కొట్టడం, వాళ్లు ఆలోచిస్తుంటే వాళ్ల వెనక నిలబడి బోర్డు చూడటం కూడా అంతే. "చెక్" అని నోటితో చెప్పనక్కర్లేదు. చూసుకోవడం వాళ్ల పని.

ఎదుటివాళ్ల టైమ్ అయిపోయి నువ్వు గెలవడంలో తప్పేమీ లేదు, క్లాక్ కూడా ఆటలో భాగమే. అయితే నీకు ఒంటరి రాజే మిగిలి ఉంటే అది డ్రా, గెలుపు అడగకు. ఓటమి ఖాయమైతే ఒప్పుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఈ వయసులో ఆటకట్టు దాకా ఆడినా ఎవరూ తప్పుబట్టరు, ఎదుటివాళ్లు పొరపడితే స్టేల్‌మేట్‌తో (చెక్ లేకుండానే నీకు వేసే ఎత్తు మిగలకపోవడం) అరపాయింటైనా వస్తుంది. కానీ ఒక్క ఎత్తులో ఆటకట్టు అయ్యేచోట అలిగి నలభై నిమిషాలు క్లాక్ నడిపించడం మాత్రం చెయ్యకు.

ఫోన్ హాల్లోకి తీసుకెళ్లొద్దు. బ్యాగులో మోగినా ఆట పోతుంది. నేను గేటు బయటే ఉంటాను, మధ్యలో నా మొహం చూడటానికి రాకు. నేను కళ్లతో చిన్న సైగ చేసినా అది మోసమే.

మీ టోర్నీ 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు కలిసే పద్ధతి. కాబట్టి చివరి ఎత్తుదాకా ప్రతి ఎత్తూ స్కోర్‌షీట్ మీద రాయాల్సిందే. ముందు ఆడి తర్వాత రాయి. ఆట అయ్యాక క్లాక్ ఆపి, చెయ్యి కలిపి, రెండు షీట్ల మీదా ఫలితం చూసుకుని సంతకం పెట్టు. నల్లపావులు గెలిస్తే 0-1 అని ఉండాలి. పావులు తిరిగి వాటి గళ్లలో పెట్టి, ఆట గురించి మాట్లాడుకోవాలంటే హాలు బయటికి రండి.

మీ అమ్మ