సన్మానాల సంగతి సరే, వరండా సంగతి?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం కుటుంబ వివాదాల కేసులు చూసే ఒక న్యాయవాది గురించి అర పేజీ పరిచయం వేశారు. ఎక్కడ చదివారు, ఎప్పుడు బార్ కౌన్సిల్‌లో నమోదయ్యారు, ఏ సంఘానికి అధ్యక్షులుగా చేశారు, ఎన్ని శాలువాలు కప్పించుకున్నారు అన్నీ ఉన్నాయి. ఫ్యామిలీ కోర్టులో ఆయన ఏం చేస్తారో మాత్రం ఒక్క వాక్యం లేదు. అదే కోర్టులో 11 ఏళ్లు బెంచి గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి కనుక ఊరుకోలేక రాస్తున్నాను.

న్యాయవాది తన గురించి తాను ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ 36వ నిబంధన. 2008లో కొంత సడలించి పేరు, చిరునామా, అర్హతలు, ఏ రకం కేసులు చూస్తారు వంటి వివరాలను వెబ్‌సైటులో పెట్టుకోనిచ్చారు. బోర్డుల విషయంలో అదే నిబంధన ఇంకా గట్టిది. ఫలానా సంఘానికి అధ్యక్షుణ్ణని గుమ్మం దగ్గరి బోర్డు మీద కూడా రాసుకోకూడదు. బోర్డు మీదకు ఎక్కకూడనిది మీ పత్రికకు ఫొటోతో సహా ఎక్కింది. ఆయనే వేయించుకున్నారని నేను అనను, మీ విలేకరి ఉత్సాహమే అయి ఉంటుంది.

1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం అక్కడ వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు. అందుకే వకాలత్‌తోపాటు అనుమతి కోరుతూ పిటిషన్ కూడా నా బల్ల మీదకు వచ్చేది. ముందు రాజీకి ప్రయత్నించాలని 9వ సెక్షన్ కోర్టుకే చెబుతుంది. అలాంటి చోట ప్లీడరు పనితనం వాదనలో కంటే వరండాలోనే ఎక్కువగా బయటపడుతుంది.

ఒకావిడ గుర్తుకొస్తారు. ఉచితంగా వకీలును ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉండేవారు. మనోవర్తి కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తి, ఆదాయ వివరాలతో అఫిడవిట్ వేయాలని 2020లో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా. చాలామంది జూనియర్లు ఖాళీలు వాళ్లే నింపి, కక్షిదారు చేత సంతకం మాత్రం పెట్టిస్తారు. ఈవిడ బెంచీ మీద కక్షిదారు పక్కనే కూర్చుని ఒక్కో గడీ చదివి వినిపించేవారు. ఒకరోజు ఒక అమ్మాయి కుట్టుపని మీద వచ్చే డబ్బు రాయవద్దంది, రాస్తే మనోవర్తి తగ్గుతుందని భయం. "రాయకపోతే ఎదుటి వకీలు నీ నోటితోనే చెప్పిస్తాడమ్మా, ఆ తర్వాత నువ్వు ఏం చెప్పినా నమ్మరు" అన్నారావిడ. రాశారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు సరిగ్గా ఆ కుట్టుమిషను దగ్గరే మొదలుపెట్టి, రెండు ప్రశ్నలకే కూర్చున్నాడు.

ఇంకొక పెద్దమనిషి ఉండేవారు, ఆఫీసు గోడ నిండా జ్ఞాపికలే. ఆయన వరుసగా వాయిదాలకు రాకపోవడంతో కక్షిదారు పిటిషన్ డిఫాల్ట్ కింద, అంటే హాజరు లేదని, కొట్టేశారు. ఆ సంగతి ఆ కక్షిదారుకు నేను చెప్పవలసి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ప్రజాసేవ అని మీరు పెట్టిన ఉపశీర్షిక కింద రక్తదాన శిబిరం ఉంది. మంచిదే. కానీ ఆయన ఎన్ని ఉచిత న్యాయ సహాయ కేసులు తీసుకున్నారని అడిగి ఉండవలసింది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలు దొరుకుతారు. ప్యానెల్ వకీలు వారిని ఫీజు అడగకూడదు. ఈ మాట తెలియక నగలు అమ్మి ఫీజు కట్టిన వాళ్లు నా కిటికీ ముందు నిలబడ్డారు.

ఈసారి ఇలాంటి పరిచయం వేస్తే, ఫొటో కొంచెం చిన్నది చేసి ఆ పక్కన జాతీయ న్యాయ సేవల హెల్ప్‌లైన్ నంబరు 15100 వేయండి.

— ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి