కొత్త టీచరుకు ఊరు కూడా శిక్షణ ఇవ్వాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

ప్రభుత్వ టీచర్లని తీసుకునే మెగా డీఎస్సీ మీద వచ్చినన్ని వార్తలు ఈ మధ్య ఏ ఉద్యోగాల మీదా రాలేదేమో. 16,347 పోస్టుల నోటిఫికేషన్, కోర్టు కేసులు, మెరిట్ లిస్టు టెన్షన్, 2025 సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాల సభ, అన్నీ ఫొటోలతో సహా చదివాం. ఆ వచ్చినవాళ్ళు బళ్ళో చేరాక వాళ్ళ గతేమిటన్నది మాత్రం పెద్దగా కనపడలేదు. నేను రాస్తున్నది దాని గురించే.

మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం, మహేంద్రగిరి వైపు కొండల అంచున ఉన్న ఊరు. నేను బడి కమిటీలో సభ్యుణ్ణి. మా పిల్లల్లో సగం మంది సవర గిరిజనుల ఇళ్ళ నుంచి వస్తారు, ఇంట్లో వాళ్ళు మాట్లాడేది సవర భాషే. 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ 2025లోగానీ నియామకాలు జరగలేదు కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామంది టీచరు చదువు డీఎడ్ ఎప్పుడో పూర్తిచేసి, ప్రైవేటు స్కూళ్ళలో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పి, అవనిగడ్డలోనో విజయనగరంలోనో కోచింగ్ హాస్టళ్ళలో ఏళ్ళు వెళ్ళదీసినవాళ్ళు. తెలివికేం తక్కువ లేదు. పిల్లల బుర్ర ఎలా ఎదుగుతుందో చెప్పే పియాజే సిద్ధాంతం నిద్రలో లేపి అడిగినా చెప్తారు. చేరేముందు ఓ వారం పాటు శిక్షణ ఇచ్చారు, ఆ తర్వాత పంపేది ఎవరూ కోరుకోని బడికే, ఎందుకంటే బదిలీల్లో రోడ్డు పక్క బళ్ళు సీనియర్లకి పోగా మిగిలేవి అవే. (సీనియర్లని తప్పుపట్టట్లేదు. ఇన్నేళ్ళు కొండల్లో చేసినాయన కాశీబుగ్గ దగ్గరకి రావాలనుకుంటే ఎవరు కాదంటారు?)

మా బడికి వచ్చిన టీచరమ్మ సంగతి చెప్తాను. ఒకటో తరగతి పిల్లల్ని పేరడిగితే చెప్తారు. పలక మీద మేక బొమ్మ గీసి ఇదేమిటర్రా అంటే ఒక్కడూ నోరు విప్పడు. వాళ్ళకి మేక తెలీక కాదు, పొద్దున లేస్తే వాటితోనే ఉంటారు, ఆవిడ అడిగిన తెలుగు అర్థంకాక. ఆవిడేమో పిల్లలకి ఏమీ రాదనుకుని దిగులుపడిపోయింది. చివరికి మధ్యాహ్న భోజనం వండే ఆమె గరిటె చేతిలో పట్టుకునే గుమ్మంలోంచి సవరలో అదే ప్రశ్న అడిగితే, నలుగురైదుగురు ఒకేసారి అరిచి చెప్పారు. ఆ రోజు నుంచి ఆమె పప్పు పొయ్యి మీద పడేసి కాసేపు తరగతిలో కూర్చుని వెళ్తోంది. దానికి ఎవరూ పైసా ఇవ్వరు. పైగా ఒకసారి తనిఖీకి వచ్చినాయన వంట ఆలస్యమైందని ఆమెనే కేకలేశాడు.

ఇంకోటి, ఒంటిపూట బడులు మొదలయ్యే వేళకి మా దగ్గర జీడి పిక్కలు ఏరే పని ఉంటుంది. పిల్లలు తల్లులతో తోటలకి పోతారు, హాజరు ఒక్కసారిగా పడిపోతుంది. పిల్లలంతా బడి మానేశారనుకుని పాపం ఆవిడ ఇల్లిల్లూ తిరిగింది. ఇళ్ళకి తాళాలు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ముందుగా ఆవిడకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఏ శిక్షణ తరగతిలోనూ ఇలాంటివి చెప్పరు, చెప్పలేరు కూడా. చెప్పాల్సింది ఊరే.

ఇక ఇల్లు. అద్దె సంగతి తర్వాత, మా దగ్గర ముందు కులం అడుగుతారు, ఆ పైన ఒంటరి ఆడమనిషి అంటే ఇంకో నాలుగు ప్రశ్నలు. దాంతో ఆవిడ పలాసలో గది తీసుకుని, బస్సు దిగి, నిండితేగానీ కదలని షేర్ ఆటోలో వస్తుంది. పది నిమిషాలు లేటయితే హాజరు యాప్‌లో పడుతుంది, ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో కూడా పడుతుంది. ఆ ఫొటో పెట్టేవాళ్ళెవరూ తమ ఇంట్లో ఖాళీగా ఉన్న గది ఇస్తామనలేదు మరి.

గిడుగు రామమూర్తి గారు మన జిల్లావారే, 1863లో పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్నప్పుడు సవర నేర్చుకోవడానికి రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు, ఆ తర్వాతే సవర పిల్లలకి బడులు పెట్టి వాచకాలు రాశారు. అంతటి పండితుడే అలా నేర్చుకున్నాడంటే, ఓ వారం శిక్షణతో వచ్చిన టీచరుకి పక్కన మనిషి అక్కర్లేదా? ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ మాత్రం తప్పకుండా వేస్తాం. సవరలో వాచకాలు ఆ తర్వాత ప్రభుత్వం వాళ్ళు కూడా అచ్చు వేశారు, మా బడి బీరువాలో ఒక్కటీ లేదు.

"ప్రభుత్వం జీతం ఇస్తుంటే మనం సాయం చేసేదేంటి" అని మా టీ కొట్టు దగ్గర వాదించేవాళ్ళు ఉన్నారు. జీతం ఆవిడకి, నష్టం మన పిల్లలకి. ఆవిడ విసిగిపోయి రెండేళ్ళకి డిప్యుటేషన్ మీద ఎటో వెళ్ళిపోతే మళ్ళీ ఇంకో కొత్త మనిషి, మళ్ళీ మేక బొమ్మ దగ్గర నుంచి మొదలు. 2024 ఆగస్టు 8న ఎన్నికలు పెట్టి మరీ కమిటీలు వేశారు కదా, కమిటీ అంటే మరుగుదొడ్డి, గుడ్డు సైజు చూసి సంతకం పెట్టడమేనా? మా కమిటీ గది చూసిపెడుతుంది, పండగలూ సంతలూ పనుల రోజులూ ముందే చెప్తుంది, ఇళ్ళకి వెంటబెట్టుకు వెళ్తుంది. అలాగని ఊళ్ళో పెద్దమనుషులు పోయి పాఠం ఎలా చెప్పాలో టీచరుకి నేర్పాలనడం లేదు, ఆ జోక్యం మొదలైతే ఉన్న మనిషి కూడా పారిపోతుంది. పాఠం సంగతి చెప్పాల్సింది పాఠం చెప్పినవాళ్ళే. స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే చుట్టుపక్కల బళ్ళలో, అనుభవమున్న మాస్టారు ఒకరు మొదటి ఏడాదంతా వారానికో పూట వచ్చి తరగతిలో కూర్చుంటే, పాఠం అయ్యాక ఇద్దరూ మాట్లాడుకుంటే, ఏ ఆన్‌లైన్ కోర్సూ దాని కాలిగోటికి సరిపోదు. రిటైరైన మాస్టార్లు హరిపురంలో, సోంపేటలో బోలెడుమంది ఉన్నారు, ఆటో ఖర్చులిస్తే వస్తామనేవాళ్ళు నాకే తెలుసు. టీచర్ల చదువుని చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ, అనుభవమున్నవాళ్ళు కొత్త టీచర్లకి దారి చూపేలా మెంటరింగ్ మిషన్ అని పెట్టి పుస్తకం కూడా వేసింది, అది మా దాకా రాలేదు.

జిల్లా విద్యాశాఖ వారిని అడిగేది రెండే. సవర వచ్చిన ఒకరిని, మా వంటామె లాంటివాళ్ళనే, మొదటి ఏడాది తరగతిలో ఉండనిచ్చి ఎంతో కొంత గౌరవ వేతనం ఇప్పించండి. రెండోది, వచ్చే శిక్షణ తరగతులు అన్నీ వమరవల్లిలో టీచర్లకి శిక్షణ ఇచ్చే డైట్‌లోనో శ్రీకాకుళంలోనో కాకుండా, రెండు రోజులు మందస, మెళియాపుట్టి వైపు ఏదైనా కొండ బడిలో పెట్టండి, పిల్లలు బడిలో ఉన్న రోజే పెట్టండి. బసకీ భోజనాలకీ మా కమిటీ పూచీ.

ఇట్లు,
ఒక పాఠశాల కమిటీ సభ్యుడు,
మందస మండలం, శ్రీకాకుళం జిల్లా.