కువైట్ వెళ్లేవారికి వైద్యంపై ముందే అవగాహన కావాలి

సంపాదకులకు నమస్కారం.

కడప, రాయచోటి ప్రాంతాల నుంచి ఇంటిపని కోసం కువైట్ వెళ్లే మహిళల కష్టాలు ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా మనం జీతాల గురించి, ఏజెంట్ల మోసాల గురించి మాట్లాడుకుంటాం గానీ, జబ్బు చేసినా ఆసుపత్రి గడప తొక్కనివ్వని ఆచారాల గురించి, బిడియం గురించి మాట్లాడుకోవడం తక్కువ. గృహ కార్మికుల కోసం కువైట్ 2015లో చేసిన చట్టం వైద్యం బాధ్యతను యజమానిపైనే పెట్టింది. అయినా తమ నెలసరి ఇబ్బందులను యజమాని ఎదుట, రాని భాషలో, మగ డాక్టరుకు చెప్పుకోవడం కంటే ఊరి నుంచి తెప్పించుకున్న మాత్రలతో నెట్టుకురావడమే నయమని భావించేవారు ఉన్నారు.

రంజాన్ మాసంలో ఇది మరో రూపం దాలుస్తుంది. రోగులు, ప్రయాణికులు ఉపవాసాన్ని వాయిదా వేసుకోవచ్చని ఖురాన్ స్పష్టంగా చెబుతున్నా, మధుమేహం ఉన్న కొందరు డాక్టరును అడగకుండానే ఉపవాసం పాటిస్తారు. ఇన్సులిన్ తీసుకుని పగలంతా ఏమీ తినకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోవచ్చు. ఇందులో మతాన్ని నిందించవలసింది ఏమీ లేదు. మతం ఇచ్చిన వెసులుబాటే అవసరమైనవారికి చేరడం లేదు.

ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శించుకునే ఊరు మాది. ఇక్కడ మతపెద్దల మాటకున్న విలువ ఏ కరపత్రానికీ లేదు. కాబట్టి ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో వారిని, మహిళా వైద్యులను భాగస్వాములను చేసి, రోగ లక్షణాలను తెలిపే అరబిక్ మాటలను తెలుగు లిపిలో ముద్రించి ఇవ్వాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, కడప