మంత్రి గారూ, వార్డు హాజరుకు మూడొందల రేటు

గౌరవనీయులైన తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సును. మా అమ్మాయి ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. కాలేజీ పేరు రాయను. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉంటాయో మీకు తెలియంది కాదు.

రూల్స్ ఎక్కువయ్యాయన్నది నా ఫిర్యాదు కాదు. గోళ్లు పెంచకూడదు, జుట్టు ముడేసి నెట్ పెట్టాలి, ఉంగరాలు, గాజులు తీసేయాలి, సెకన్ల ముల్లున్న వాచీ ఉండాలి. ఇవన్నీ మేమూ పాటించాం. ఉంగరం కిందికి సబ్బు చేరదు, ముల్లు లేకపోతే నాడి లెక్క తప్పుతుంది. నర్సింగ్ కౌన్సిల్ రూలు ప్రకారం పరీక్ష రాయాలంటే థియరీలోనూ ప్రాక్టికల్స్‌లోనూ 80 శాతం హాజరుండాలి. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్ నూటికి నూరు శాతం పూర్తవ్వాలి. అదీ సబబే. తప్పిన డ్యూటీ మళ్లీ చేయాలనే కదా ఆ రూలు!

మా అమ్మాయి కాలేజీలో దానికి రేటు కట్టారు. క్లినికల్ డ్యూటీకి, అంటే ఆస్పత్రి వార్డులో చేసే ప్రాక్టికల్స్‌కి, ఒకరోజు రాకపోతే 300 రూపాయలు. కడితే రిజిస్టర్‌లో ‘పి’ పడుతుంది, ఆ రోజు కోసం మళ్లీ వార్డు మొహం చూడక్కర్లేదు. రసీదు ఇవ్వరు.

పోయిన వానాకాలంలో ఒకరోజు పొద్దున ఐదున్నరకు హాస్టల్ నుంచి వీడియో కాల్ చేసింది. యూనిఫాం వేసుకుని, షూ లేసు కట్టుకుంటూ వణుకుతోంది. జేబులో ఉన్న థర్మామీటర్ పెట్టుకోమన్నాను. 101.6. పోవద్దన్నాను. “ఈ నెల ఇప్పటికే రెండు రోజులకు కట్టినం మమ్మీ, మళ్ల మూడొందలా?” అంది. పారాసిటమాల్ వేసుకుని వెళ్లిపోయింది. నేను గట్టిగా ఆపాల్సింది, ఒప్పుకుంటాను. ఆ రోజు పోస్టింగ్ పిల్లల వార్డులో. నెబ్యులైజర్ పెట్టించుకోనని ఏడుస్తున్న ఏడాదిన్నర పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊరుకోబెట్టిందట. సాయంత్రం మురిపెంగా చెబుతుంటే నాకు నోట మాట రాలేదు.

డబ్బున్న ఇంటి పిల్ల ఏ రోగమూ లేకపోయినా ఇంట్లో ఉండి హాజరు కొనుక్కుంటుంది. లేనింటి పిల్ల జ్వరంతో వార్డులో నిలబడుతుంది. చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్‌లు మాత్రం ఇద్దరివీ ఒకేలా నిండుతాయి. ఎవరికి కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టడం వచ్చో రేపు మా వార్డుల్లో ఉద్యోగానికి వచ్చాక బయటపడుతుంది, అప్పుడు సూది దిగేది రోగి చేతిలో.

క్లినికల్ హాజరుకు డబ్బు తీసుకోకూడదని ఒక సర్క్యులర్ ఇప్పించండి. తప్పిన రోజుకు డ్యూటీయే వేయాలి. తేదీ, వార్డు రాసి, వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌తో సంతకం పెట్టించాలి. జ్వరం, విరేచనాలు ఉన్న విద్యార్థిని డ్యూటీకి పంపితే కాలేజీనే అడగాలి, పిల్లను కాదు. తనిఖీకి వచ్చేవాళ్లు కాలేజీ రిజిస్టర్ తిరగేసి చాయ్ తాగి వెళ్లిపోకుండా, దాన్ని ఆస్పత్రి డ్యూటీ లిస్టు పక్కన పెట్టి చూడాలి. 2023లో వచ్చిన నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం రాష్ట్రాలకూ కమిషన్లు ఉండాలంటోంది. మన రాష్ట్రం రూల్స్‌లో ఈ నాలుగు ముక్కలూ చేర్పించండి.

వచ్చే సోమవారం నుంచి మా అమ్మాయికి ప్రసూతి వార్డులో పోస్టింగ్.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు