మా పాపకు 15 నెలలు నిండిన వేళ కృతజ్ఞతలు

ఈ 2024 అక్టోబరుతో మా పాపకు 15 నెలలు నిండాయి. పనివేళల్లో బిడ్డకు పాలిచ్చుకోవడానికి చట్టం తల్లికి ఇచ్చిన గడువు కూడా ఇంతటితో ముగుస్తుంది కనుక, ఆ గడువు నాకు నిజంగా దక్కేలా చూసినవారందరికీ నమస్కరించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

26 వారాల ప్రసూతి సెలవు పూర్తిచేసుకుని జనవరిలో తిరిగి ఉద్యోగంలో చేరాను. మా సంస్థలో వందమందికి పైగా ఉద్యోగులున్నా, చంటిపిల్లలను ఉంచుకునే గది మాత్రం లేదు. పాలు చేపుకువచ్చినప్పుడల్లా మరుగుదొడ్డిలోకి వెళ్లి పిండి పారబోసేదాన్ని. మూడో వారానికి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. బిడ్డకు పాలిచ్చి వచ్చేందుకు కొంత సమయం అడిగితే, ఆ మేరకు జీతం తగ్గిస్తామన్నారు. ఇంట్లో డబ్బాపాలు పట్టలేక మా అత్తయ్యగారు పడిన అవస్థ వేరే చెప్పాలి.

మా విభాగంలో పనిచేసే ఒక అక్క నన్ను జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకువెళ్లారు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ అక్కడ ఉచిత న్యాయసహాయం అందుతుందని నాకు అప్పటివరకు తెలియదు. అక్కడి న్యాయవాదిగారు అప్పుడు అమల్లో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని నా ముందు తెరిచారు. మామూలు విశ్రాంతి సమయం కాక, బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 11వ సెక్షన్, ఆ విరామాల పేరిట జీతం కోయరాదని 13వ సెక్షన్ చెబుతున్నాయని, 50 మంది లేదా అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లిరావచ్చని 2017 సవరణ నిర్దేశించిందని ఓపికగా వివరించారు.

నేను రాసుకెళ్లిన అర్జీలో “దయతో అనుమతించవలసిందిగా ప్రార్థన” అన్న మాటలను ఆమె కొట్టివేసి, “11వ సెక్షన్ ప్రకారం ఈ విరామాలను వినియోగించుకుంటానని తెలియజేస్తున్నాను” అని రాయించారు. హక్కును కూడా వేడుకోలుగా రాయడం నాకెంత అలవాటైపోయిందో ఆ కొట్టివేత చూశాకే తెలిసింది. అమ్మా, ఆ వాక్యానికి నేను మీకు ఎన్నటికీ రుణపడి ఉంటాను.

లేఖ అందిన పది రోజుల్లో సామాన్ల గది ఒకటి ఖాళీ అయి, లోపల గడియ, కుర్చీ, ఫ్యాను అమరాయి. శిశు సంరక్షణ కేంద్రం ఇంకా రావలసే ఉంది. దానికోసం మరో లేఖ ఇచ్చాం. రోజుకు రెండుసార్లు పాపను ఆటోలో తీసుకువచ్చిన మా అత్తయ్యగారికి, ఎండలో నిలబడనీయకుండా వారిని వెంటనే లోపలికి పంపిన గేటు దగ్గరి అన్నకు కృతజ్ఞతలు. పదిమంది కూడా లేని దుకాణాల్లో పనిచేసే తల్లులకు, కూలికి వెళ్లే తల్లులకు సాధారణంగా ఈ చట్టం వర్తించదన్న బాధ మాత్రం నన్ను వదలడం లేదు.

చట్టంలోని ముఖ్యాంశాలను స్థానిక భాషలో అందరికీ కనబడేచోట ప్రదర్శించాలని ఆ 1961 చట్టం 19వ సెక్షన్ చెప్పింది. ఆ తెలుగు ప్రతి ఇప్పుడు మా నోటీసు బోర్డు మీద ఉంది. నిన్న ఏడో నెల గర్భిణి అయిన మా సహోద్యోగి ఒకరు దాని ముందు నిలబడి, 11వ సెక్షన్‌ను చిన్న కాగితం మీద రాసుకుంటూ కనిపించారు.